మాస్టారి డాబా, మినియాపొలిస్ సోలార్ తోట: ఒక సత్యనారాయణపురం కేసు

"డాబా ఎక్కడం, బోల్టులు కొట్టడం, ఈ గోలంతా ఎందుకండీ, ఊరి బయట ఎక్కడో పెద్ద సోలార్ ప్లాంటులో మన వాటా కొనుక్కుంటే సరిపోదా?" అని ఈ మధ్య తెగ అడుగుతున్నారు. ఫోన్లో చెప్తే అర్థం కావట్లేదు, అందుకే ఒక ఇల్లు పట్టుకుని మొదటి నుంచి ఏం జరిగిందో, నేను ఎక్కడ తప్పు చేశానో, ఏడాది తర్వాత లెక్క ఎంత తేలిందో మొత్తం రాస్తున్నా. నేను విజయవాడలో ఇళ్ళకి సోలార్ డిజైన్ చేసి పెట్టిస్తుంటా, కాబట్టి డాబా వైపు నాకు కొంచెం పక్షపాతం ఉంటుంది, అది మనసులో పెట్టుకునే చదవండి.

ఇల్లు సత్యనారాయణపురంలో, బీఆర్‌టీఎస్ రోడ్డుకి రెండు వీధులు ఇవతల. కింద పోర్షన్, పైన పోర్షన్, సర్వీసు ఒకటే, లోడు 4 కిలోవాట్లు. ఉండేది రిటైరైన లెక్చరర్ గారు, ఆయన భార్య. వీధిలో అందరూ మాస్టారనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తా. కొడుకు అమెరికాలో మినియాపొలిస్ దగ్గర, కూతురు గుంటూరులో. 2024 అక్టోబర్లో ఫోన్ చేశారు, అంటే బుడమేరు వరద అయిపోయి నెల తిరిగిందంతే, ఊళ్ళో ఎవర్ని కదిపినా అదే మాట.

నేను ఎవరింటికెళ్ళినా ముందు డాబా ఎక్కను. పన్నెండు నెలల బిల్లులు అడుగుతా. మామూలుగా జనం ఒక్క మే నెల బిల్లు పట్టుకొచ్చి "ఇదిగో ఐదు వేలు" అని గుండె బాదుకుంటారు. మాస్టారు మాత్రం నాలుగేళ్ళ బిల్లులు ఫైల్లో దారం కట్టి పెట్టారు, నా సర్వీసులో అలాంటి కస్టమర్ తగలడం అదృష్టం. లెక్కేస్తే ఏడాదికి 4,800 యూనిట్లు. జనవరిలో 250, మేలో 620. కొడుకు ఫ్యామిలీ జూన్‌లో దిగినప్పుడు 570.

ఇప్పుడు స్లాబుల సంగతి. స్లాబంటే మా మేస్త్రీకి ఒకటి, కరెంటోళ్ళకి ఒకటి, నేను చెప్పేది రెండోది. మన దగ్గర ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు 1.90, ఆ తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, 400 దాటితే 9.75. ఇది మెట్లు ఎక్కినట్టు, ఎక్కువ వాడినంత మాత్రాన కింద మెట్టు రేటు మారదు, పైన పడ్డ యూనిట్‌కే పై రేటు. మాస్టారి బిల్లుల్లో డ్యూటీలు, ట్రూ-అప్పులు (పాత ఖర్చులకి తర్వాత వడ్డించే సర్దుబాటు చార్జీలు) పక్కన పెట్టి ఎనర్జీ చార్జీలు మాత్రమే కూడితే ఏడాదికి 31 వేలు. అందులో ఎక్కువ భాగం 225 దాటిన యూనిట్ల మీదే.

దీని అర్థం ఏంటంటే డాబా మీద పుట్టిన మొదటి యూనిట్ మీకు 9.75 యూనిట్‌ని తీసేస్తుంది, అది అయిపోయాక 8.75ని, అలా కిందకి దిగుతూ దిగుతూ చివరికి పుట్టే యూనిట్ తీసేది 1.90 యూనిట్‌ని. అందుకే పైసా కరెంటు బిల్లు రాకూడదు అని పెద్ద సిస్టం పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. చివర్లో కలిపిన కిలోవాట్లు కింద మెట్ల చౌక కరెంటుని తీసేయడానికి పెట్టిన ఖర్చన్నమాట.

నేను వెళ్ళేసరికే మాస్టారి టేబుల్ మీద మూడు ఆలోచనలున్నాయి.

మొదటిది ఒక వెండార్ ఇచ్చిన కొటేషన్. 5 కిలోవాట్లు, ఎనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్, డాబాకి దక్షిణం అంచున. సబ్సిడీ 5 కిలోవాట్లకి ఎక్కువొస్తుందని కూడా చెప్పాడట. రాదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్‌లో రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30 వేలు, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేలు, అక్కడితో ఆగిపోతుంది. మూడు పెట్టినా పది పెట్టినా అదే 78.

రెండోది ఎవరో ఏజెంటు తెచ్చిన బ్రోచర్. రాయలసీమలో సోలార్ ప్లాంటు, మీరు మూడు లక్షలు కడితే మీ పేరు మీద ఇన్ని ప్యానెళ్ళు, నెల నెలా ఇంత చొప్పున అకౌంట్లో పడుతుంది, "మీ కరెంటు బిల్లు మీ ప్యానెళ్ళే కట్టేస్తాయి సార్" అని. మాస్టారి బావమరిది అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేశాడు.

మూడోది కొడుకు మాట. నేను కూర్చునుండగానే వీడియో కాల్ పెట్టారు. అక్కడ రాత్రి పదకొండు.

"నాన్నా, నేను ఒక్క ప్యానెల్ కూడా పెట్టలేదు, ఇక్కడ కమ్యూనిటీ సోలార్ గార్డెన్లో మెంబర్ని. మా ఇంటి మీద చెట్ల నీడ. అయినా నెల నెలా బిల్లులో క్రెడిట్ వస్తుంది. మీ డాబా పక్కన కూడా అపార్ట్‌మెంట్ లేచింది కదా, మీకెందుకు ఈ తలనొప్పి?"

నిజం చెప్పొద్దూ, ఆ అబ్బాయి అడిగింది చాలా సరైన ప్రశ్న. ఇక్కడ చాలామంది ఇన్‌స్టాలర్లు "అదంతా అమెరికాలో అండీ" అని కొట్టిపారేస్తారు, అది సమాధానం కాదు. అమెరికాలో అది ఎలా నడుస్తుందో చూస్తేనే ఇక్కడ ఎందుకు నడవదో తెలుస్తుంది.

మిన్నెసోటాలో ఈ గార్డెన్లకి 2013లో చట్టం చేశారు. కొలరాడోలో అంతకన్నా ముందు, 2010లో. ఆ మిన్నెసోటా చట్టం మొదట పెట్టిన పద్ధతి ఏంటంటే ఊరి బయట ఒక ప్లాంటు, దానికి కనీసం ఐదుగురు మెంబర్లు, ఏ ఒక్కరికీ 40% మించి వాటా ఉండకూడదు, ఏ ఇల్లయినా తన ఏడాది వాడకంలో 120% కన్నా ఎక్కువ వాటా తీసుకోకూడదు. ఇక్కడి దాకా ఎవరైనా చెప్తారు. అసలు విషయం ఆ తర్వాతది. ఆ ప్లాంటులో ఈ నెల పుట్టిన కరెంటులో నీ వాటా ఎంతో లెక్కేసి, ఆ మొత్తాన్ని నీ ఇంటి బిల్లులో తగ్గించి తీరాలని కరెంటు కంపెనీకి చట్టమే చెప్పింది. ప్యానెల్ ఎక్కడో ఉంది, కరెంటు ఎక్కడో గ్రిడ్‌లో కలిసిపోయింది, ఆ అబ్బాయి ఇంటికి ఒక్క ఎలక్ట్రాన్ కూడా ప్రత్యేకంగా రాలేదు. వచ్చింది బిల్లులో ఒక గీత, మైనస్ గుర్తుతో. ఆ గీత వెయ్యాల్సిన బాధ్యత బిల్లిచ్చేవాడి మీద ఉంది. మొత్తం స్కీముకి ప్రాణం ఆ గీతే.

మాస్టారికి ఇలా చెప్పా. బ్యాంకులో మీరు డబ్బు గుంటూరు బ్రాంచిలో వేసినా విజయవాడ పాస్‌బుక్‌లో పడుతుంది కదండీ, ఎందుకంటే రెండూ ఒకే బ్యాంకు పుస్తకం. ఆ పుస్తకం రాసేవాడు ఒప్పుకోకపోతే మీరు గుంటూరులో ఎంత వేసినా ఇక్కడ జమ పడదు. అలాగే యూనిట్ ఎక్కడ పుట్టిందని అడక్కండి, ఎవరి మీటరు మీద జమ పడుతుందని అడగండి.

ఆయన వెంటనే బ్రోచర్ తీసి వెతికారు. ఎక్కడా సర్వీసు నంబరు అన్న మాటే లేదు. డిస్కం, అంటే మనకి కరెంటు బిల్లిచ్చే కంపెనీ, దాని పేరు లేదు. నెలకి ఇంత రిటర్న్ అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. అంటే అది కరెంటు బిల్లుకి సంబంధించింది కానే కాదు, మీరు వాళ్ళకి అప్పిస్తున్నారు, వాళ్ళు వడ్డీ ఇస్తామంటున్నారు, మధ్యలో ప్యానెళ్ళ ఫోటో ఉంది అంతే. జనం దగ్గర అలా డబ్బు పోగేసి ఉమ్మడిగా పెట్టుబడి పెట్టి లాభం పంచుతామంటే దానికి సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి, ఆ కాగితం అడగండి అన్నా. అడిగారు. ఏజెంటు రేపు తెస్తానన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. బావమరిది అడ్వాన్సులో సగం వెనక్కొచ్చింది, మిగతా సగం గురించి వాళ్ళింట్లో ఎవరూ మాట్లాడరు.

అయితే నిజంగా మన దగ్గర ఉమ్మడి సోలార్ అనేదే లేదా అంటే, కాగితం మీద తలుపులున్నాయి. ఢిల్లీలో 2019లోనే వర్చువల్ నెట్ మీటరింగ్‌కి గైడ్‌లైన్స్ వచ్చాయి, ఒక చోట ప్లాంటు పెట్టుకుని నలుగురి బిల్లుల్లో పంచుకోవచ్చు. సూర్యఘర్ సెంట్రల్ గైడ్‌లైన్స్‌లో కూడా ఆ మాట ఉంది. కానీ నేను చేసిన ఇళ్ళలో ఒక్కటి కూడా ఆ దారిన వెళ్ళలేదు. మాస్టారి తరఫున వెళ్ళి అడిగినప్పుడు కూడా, మా ఇంటికి ఇలా చేసిచ్చారు అని బిల్లు చూపించే మనిషి ఒక్కరూ దొరకలేదు. డెబ్బై దాటిన మనిషిని మొదటి ప్రయోగం చెయ్యడం నాకిష్టం లేదు.

పెద్ద సోలార్ పార్కుల్లో డైరెక్టుగా కొనుక్కోవచ్చు కదా అని కొడుకు ఇంకో ప్రశ్న. కర్నూలు జిల్లా ఓర్వకల్లు వైపు 1000 మెగావాట్ల పార్కు ఉంది కదా అని. ఉంది. ఆ కరెంటు కొనేది డిస్కంలు, ఇళ్ళు కాదు. నచ్చిన ప్లాంటు నుంచి నేరుగా కరెంటు కొనుక్కునే ఓపెన్ యాక్సెస్ అని ఒక దారి ఉంది, 2022లో కేంద్రం రూల్స్ మార్చి పరిమితిని 1 మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకి దించింది. మాస్టారి లోడు 4. ఆటోనగర్‌లో వర్క్‌షాపులు పెట్టినవాళ్ళకైనా ఆలోచించదగ్గ మాటేమో గానీ, రెండు ఏసీలు ఒక మిక్సీ ఉన్న ఇంటికి కాదు.

ఇంకా నున్నలో 30 సెంట్ల మామిడి తోట ఉంది, అందులో పెట్టి ఇక్కడ వాడుకుంటే అని మాస్టారు స్వయంగా అడిగారు. పొలంలో పెట్టి డిస్కంకి అమ్మే స్కీము ఉంది, పీఎం కుసుమ్‌లో ఎ కాంపోనెంట్, కానీ అది మామూలుగా 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా, 500కే రెండెకరాలు పైన కావాలి. ఆయన భార్య వంటింట్లోంచి "ఆ చెట్లు కొట్టేస్తే నేను ఊరుకోను" అన్నారు. అక్కడితో ఆ టాపిక్ క్లోజ్.

ఒక మాట ఒప్పుకోవాలి. పెద్ద ప్లాంటులో కరెంటు పుట్టడం మన డాబా మీద పుట్టడం కన్నా చాలా చౌక. 2017లో రాజస్థాన్ భడ్లా వేలంలోనే యూనిట్ 2.44కి పాడారు. నీడ ఉండదు, కడగడానికి మనుషులుంటారు, కొన్ని చోట్ల ప్యానెళ్ళు సూర్యుడితో పాటు తిరుగుతాయి. ఏ లెక్కన చూసినా పెద్ద ప్లాంటే గెలుస్తుంది. కానీ ఆ చౌక మీ ఇంటి దాకా రావాలిగా, దారిలో తీగలు, లాస్‌లు, డిస్కం ఖర్చులు అన్నీ దాటి. డాబా మీద యూనిట్ ఖరీదైనదే, కాకపోతే అది పోటీ పడేది 2.44తో కాదు, 8.75తో.

సరే ఇక డాబా. కొడుకు భయపడింది నిజమే. దక్షిణం వైపు స్టిల్ట్ ప్లస్ ఐదంతస్తులు లేచింది, మాస్టారి డాబా కన్నా 33 అడుగులు ఎత్తు, మధ్యలో ఖాళీ 8 అడుగులు. అటు చూస్తే గోడ తప్ప ఏమీ కనపడదు. దానికి తోడు వాస్తు ప్రకారం నైరుతిలో మెట్ల గది, దాని నెత్తిన వాటర్ ట్యాంకు. మన ఊళ్ళో సగం ఇళ్ళకి ఇదే పరిస్థితి, వాస్తు బరువుని నైరుతిలో పెట్టమంటుంది, చలికాలం మధ్యాహ్నం మూడు దాటాక ఎండ వచ్చేది కూడా సరిగ్గా అటునుంచే. నేను ఇన్నాళ్ళలో చూసిన నీడ సమస్యల్లో చెట్ల వల్ల వచ్చినవాటికన్నా నైరుతి ట్యాంకుల వల్ల వచ్చినవే ఎక్కువ.

వెండార్ దక్షిణం అంచున ఎందుకు పెట్టాడంటే సోలార్ అంటే సౌత్ అని బుర్రలో పడిపోయింది కాబట్టి. దక్షిణం వైపు చూడ్డం వేరు, దక్షిణం మూల కూర్చోవడం వేరు. డిసెంబర్ 21న మన విజయవాడలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. 33 అడుగుల గోడ నీడ దాదాపు 28 అడుగులు పడుతుంది, ఖాళీ 8 తీసేస్తే డాబా మీద 20 అడుగులు చీకటి. పొద్దున తొమ్మిదికి, సాయంత్రం మూడుకి అయితే డాబా మీదే నీడ 28, 29 అడుగుల దాకా వస్తుంది. డాబా పొడవు 50. అంటే ఉత్తరం వైపు చివరి 20 అడుగులు ఏడాదిలో అతి తక్కువ ఎండ ఉన్న రోజున కూడా తొమ్మిది నుంచి మూడు దాకా ఫ్రీ. ఇది నేను మాటల్తో చెప్తే మాస్టారు నమ్మలేదు, మ్యాథ్స్ లెక్చరర్ మరి, కాగితం తీసుకుని ట్యాన్ థీటాలు వేసుకుని, ట్యాంకు నీడ కూడా లెక్కేసి, నా లెక్కలో అరడుగు తేడా పట్టుకుని అప్పుడు ఒప్పుకున్నారు.

నీడ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే ప్యానెళ్ళు వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఒక ప్యానెల్ మీద చీర ఆరేసినంత నీడ పడ్డా ఆ దెబ్బ ఆ ఒక్క ప్యానెల్‌తో ఆగకపోవచ్చు. లోపల బైపాస్ డయోడ్లు కొంత కాపాడతాయి, మొత్తం కాపాడవు.

కాబట్టి ఉత్తరం అంచు. ఇక్కడ వచ్చింది అసలు గొడవ.

"ఈశాన్యంలో బరువు పెడతావా?" అన్నారు అమ్మగారు.

నేను వాస్తు మీద వాదించను. వాదించి గెలిచినా ఆర్డరు పోతుంది. టేపు పెట్టి కొలిచాం. డాబా వెడల్పు 30 అడుగులు. 540 వాట్ల ప్యానెల్ పొడవు ఏడున్నర, వెడల్పు మూడు ముప్పావు దాకా ఉంటుంది, నిలువుగా ఆరు పక్కపక్కన పెడితే 22, 23 అడుగులు. వాయవ్యం నుంచి మొదలుపెడితే ఈశాన్యం మూల ఏడడుగులు ఖాళీగా మిగిలింది. స్ట్రక్చర్ కూడా ఎనిమిదడుగులు కాదు, కింద అంచు అడుగున్నర, ఎలాగూ నడిచే చోటు కాదు కదా. బరువు లేదు, ఎత్తు లేదు, మూల ఖాళీ. ఆవిడ తమ్ముడు వాస్తు చూస్తాడట, ఆయనా సరేనన్నాడు. ఎత్తు తగ్గడంతో ఖర్చు తగ్గింది, గాలి తాకిడీ తగ్గింది, తుఫాన్ల ఊరు మనది.

వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి అన్న ప్రశ్న ఒకటి మిగిలింది. అది మాత్రం దానంతట అదే తేలిపోయింది, ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, మే మొదటి వారం దాటితే మిట్టమధ్యాహ్నం కొంచెం ఉత్తరానికే జరుగుతాడు, అప్పుడు దక్షిణం గోడకి నీడే ఉండదు. చలికాలం చీకటిగా ఉండే ఆ 20 అడుగులు వడియాల సీజన్‌లో ఎర్రటి ఎండ.

ఇన్వర్టర్ ఎక్కడ అన్నదానికి మాస్టారు నన్ను అడగనే లేదు, "మొదటి అంతస్తు ల్యాండింగ్‌లో పెట్టు" అన్నారు. సింగ్ నగర్‌లో నేను చేసిన రెండిళ్ళలో ఇన్వర్టర్లు గేటు పక్కన కార్ పార్కింగ్‌లో ఉండేవి, సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్ళలో మునిగిపోయాయి. పైన ప్యానెళ్ళకి గీత కూడా పడలేదు. ఆ ఇళ్ళవాళ్ళు ఇంకో మాట కూడా అడిగారు, నీళ్ళు రాకముందే కరెంటు తీసేశారు కదా, ఎండ కాశాక మా ప్యానెళ్ళు ఎందుకు పనిచేయలేదు అని. ఆన్‌గ్రిడ్ సిస్టం లైన్లో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, ఆగాలి కూడా, లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మేన్ ప్రాణం మీదకొస్తుంది. ఇది అమ్మేటప్పుడు చెప్పేవాళ్ళు తక్కువ. కరెంటు పోయినప్పుడు కూడా కావాలంటే బ్యాటరీతో హైబ్రిడ్, అది వేరే ఖర్చు, మాస్టారు వద్దన్నారు, పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉందిగా అన్నారు.

మొత్తానికి 3.24 కిలోవాట్లు, సబ్సిడీ కోసం మన దేశంలో తయారైన సెల్స్ ఉన్న డీసీఆర్ ప్యానెళ్ళు, అన్నీ కలిపి 1,95,000. అప్పటికి జీఎస్టీ 12% ఉంది, 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్యానెళ్ళ మీద 5% అయింది, మాస్టారు ఇప్పటికీ ఆ తేడా గుర్తు చేస్తుంటారు, నేనేదో నా జేబులో వేసుకున్నట్టు. 10 కిలోవాట్ల లోపు కాబట్టి లైను తట్టుకుంటుందా అని డిస్కం చూసే ఫీజిబిలిటీ గోల లేదు. డిసెంబర్ చివరికి నెట్ మీటర్, అంటే లైన్లోంచి తీసుకున్నదీ లైన్లోకి ఇచ్చిందీ రెండూ లెక్కేసే మీటర్, పడింది. 78 వేలు నెలన్నరకి బ్యాంకులో పడ్డాయి. చేతి నుంచి పోయింది 1,17,000.

నా తప్పు ఇక్కడ. జనవరి బిల్లు 165 యూనిట్లకి వచ్చింది, ఫిబ్రవరి 185కి. మీటరేమో జనవరిలో తీసుకుంది 165, ఇచ్చింది 255 అని చూపిస్తోంది. అంటే బిల్లు తీసే మనిషి మిషన్‌లో ఈ సర్వీసు ఇంకా మామూలు మీటరుగానే ఉంది, ఎక్స్‌పోర్ట్ కాలమే తెరుచుకోవట్లేదు. పైన ఎండలో కష్టపడి పుట్టిన యూనిట్లు వీధిలో పక్కింటి వాళ్ళ ఏసీకి పోయాయి, మాస్టారి లెక్కలో మాత్రం పడలేదు. నేను సర్వీసు ఆన్‌లైన్‌లో మారిందో లేదో మొదటి బిల్లుకి ముందే చూసుకోవాల్సింది, మీటర్ బిగించగానే పని అయిపోయిందనుకున్నా. ఫోటోలు తీసి, రెండుసార్లు తిరిగితే మూడో బిల్లులో సరిచేసి పాత యూనిట్లు కలిపారు. మాస్టారు అప్పుడు ఒక మాటన్నారు, "నువ్వు అమెరికా గార్డెన్ గురించి చెప్పిన గీత ఇదేగా, మా ఇంటి నెత్తి మీద పెట్టుకున్నా ఆ గీత వాళ్ళు వేస్తేనే పడింది" అని. నా దగ్గర సమాధానం లేదు.

2025 జనవరి నుంచి డిసెంబర్ దాకా పుట్టింది 4,110 యూనిట్లు. నీడ లేని డాబా అయితే ఈ సైజుకి ఇంకో నాలుగొందల దాకా వచ్చేది. ఎక్కువ వచ్చింది మార్చిలో, 425. మేలో 385 మాత్రమే, ఎండ మండిపోతుంటే ఎక్కువ రావాలిగా అని అడుగుతారు, ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు, అద్దం 60, 65 డిగ్రీలకి కాగితే పదో వంతుకి పైగా అక్కడే పోతుంది. జులైలో మబ్బులకి 285కి పడిపోయింది.

వాడకం మాత్రం 4,800 నుంచి 5,230కి పెరిగింది. ఎలాగూ సోలార్ ఉందిగా అని పగలు కూడా ఏసీ. నేను పెట్టిన ప్రతి ఇంట్లో ఇదే కథ. అయినా 31 వేలున్న ఎనర్జీ చార్జీలు 7 వేల లోపుకి దిగాయి, మే, జూన్‌లో తప్ప 225 దాటిన నెలే లేదు. ఏడాదికి 24 వేలు మిగులు వేసుకుంటే ఐదేళ్ళకి పెట్టింది తిరిగొస్తుంది. ఖర్చంటే పదిహేను రోజులకోసారి తెల్లారకముందే కడగడం, అదీ కృష్ణా నీళ్ళతో, బోరు నీళ్ళయితే తెల్లగా చారలు కడతాయి.

గుంటూరు కూతురి సంగతి వేరు. విద్యానగర్‌లో 15 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, ఆవిడది మూడో అంతస్తు. నాక్కూడా పెట్టండి అన్నారు. డాబా అందరిదీ, ఒకరికి ఒప్పుకుంటే పదిహేను మందీ అడుగుతారు, చోటు చూస్తే పది కిలోవాట్లకి మించదు. ఐదో అంతస్తాయన డాబా తనదే అన్నట్టు తాళం చెవి జేబులో పెట్టుకు తిరుగుతాడు. మూడు మీటింగులు పట్టింది. చివరికి ఎవరి ఫ్లాటుకీ కాదు, లిఫ్టులు, మోటారు, కారిడార్ లైట్ల కామన్ మీటరుకి 6 కిలోవాట్లు పెట్టాం. అపార్ట్‌మెంట్ల కామన్ అవసరాలకి సబ్సిడీ కిలోవాట్‌కి 18 వేలు, అంటే లక్షా ఎనిమిది వేలు. మెయింటెనెన్స్ తలా రెండొందలు తగ్గింది. కొడుకు అడిగిన ఉమ్మడి సోలార్ ఇదే, కాకపోతే ఊరి బయట కాదు నెత్తి మీద, మీటరు ఒకటే కాబట్టి పంచాల్సిన పంచాయితీ కూడా లేదు. ఫ్లాటులో ఉండి సొంత బిల్లు తగ్గాలంటే మాత్రం నేను ఇవాళ్టికి చెప్పగలిగింది ఏమీ లేదు. వాళ్ళకే ఆ వర్చువల్ మీటరింగ్ నిజంగా కావాల్సింది, మాస్టారికి కాదు.

పోయిన వారం మాస్టారు ఫోన్ చేశారు. "ఏవయ్యా, ఉత్తరం వైపు ఖాళీ స్థలంలో పునాదులు తీస్తున్నారు, ఐదంతస్తులట, మన పని అయిపోయినట్టేనా?" అని. ఉత్తరం కాబట్టి ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం మూడు దాటాక తప్ప ప్యానెళ్ళ మీద నీడ పడదండీ, నెలకి కొద్ది యూనిట్లు పోతాయేమో అన్నా. ఒక నిమిషం ఉండమని కాగితం తెచ్చుకున్నారు. జూన్ 21, ఉదయం ఎనిమిది, నీడ పదిహేనడుగులు, ఖాళీ ఎనిమిది అని అవతలనుంచి పెన్సిల్ చప్పుడు వినిపిస్తోంది.

"ఏడడుగులు పడుతుంది" అన్నారు చివరికి. "సరే, వాళ్ళ ట్యాంకు ఏ మూల పెడతారో కనుక్కుని చెప్తా."